అర్బాబ్ అడిగిన సిర్కా

ఉమ్ సలాల్,
4 మార్చి 2025

బేటీ అజ్రాకు మామూ సలాం.

రంజాన్ రోజాలు ఎలా సాగుతున్నాయి? అక్కడి చలిలో దాహం వెయ్యదు కాబట్టి నీకు సగం పుణ్యమే రాస్తారని ఇక్కడ మావాళ్ళు వేళాకోళం చేస్తున్నారు. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, "దుబాయ్‌ల పిల్ల ఎట్లున్నదో అర్సుకో" అంది. నేనూ దుబాయ్‌లోనే ఉన్నానట, నువ్వూ దుబాయ్‌లోనే ఉన్నావట. మరియంకు మెట్‌పల్లి పొలిమేర దాటితే అంతా దుబాయే. ఇది ఖతర్ అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. అది బెల్జియం అని చెప్పుకోవడం ఇక నీ వంతు.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని నవ్వకు. వాట్సాప్‌లో మాట్లాడదామంటే ఇక్కడ కాల్ కలవదు. మాట రికార్డు చేసి పంపుదామంటే తోటలో మోటారు చప్పుడు. రాసి ఫొటో తీసి పంపితే నువ్వు రెండుసార్లు చదువుకుంటావు. ఉర్దూ మనిద్దరికీ నోటికి వచ్చినంత చేతికి రాదు, మెట్‌పల్లి బడిలో నేర్చిన తెలుగే మన ఇద్దరికీ దిక్కు.

అసలు సంగతి చెబుతాను. అర్బాబ్, అంటే నేను కారు నడిపే ఈ తోట యజమాని, ఇఫ్తార్‌లో రొట్టెను సిర్కాలో, అదే వెనిగర్‌లో, ముంచుకుని తింటాడు. ప్రవక్తకు ఇష్టమైన పదార్థమని ఆయనకు దాని మీద మమకారం. నిన్న నేను ఊరుకోలేక నీ సంగతి చెప్పాను. పీపాల వరుసలో ఏది సిర్కా అవుతోందో వాసన చూసి చెప్పడమే నీ పని అని కిందటి ఉత్తరంలో రాశావు కదా, ఆ మాటే చెప్పాను. కట్టె పీపాలో మూడేళ్ళు ఊరుతుందంటే పెద్దాయన రొట్టె పక్కన పెట్టి విన్నాడు. ఒక సీసా తెప్పించగలవా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు.

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. తండ్రి లేని ఆడపిల్లను ఒంటరిగా పంపిస్తావా అని బంధువులంతా నా మీద పడ్డప్పుడు నీ తరఫున మాట ఇచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట ఇవాళ అర్బాబ్ భోజనాల దస్తర్‌ఖాన్ దాకా వచ్చింది. ఒక సీసా పంపు.

దువాలతో,
నీ మామూ హమీదుద్దీన్


లూవెన్,
6 మార్చి 2025

మామూకు అజ్రా సలాం.

మీ ఉత్తరం ల్యాబ్‌లో చదివి, నా ప్రొఫెసర్‌కు మీ చేతిరాత చూపించాను. అక్షరాలు గుండ్రంగా, ఉంగరాల్లా ఉన్నాయంది.

నేను వారంలో మూడు రోజులు బ్రస్సెల్స్ పక్క పల్లెలో ఉన్న నేలమాళిగకు వెళ్తాను. అక్కడి వింతలు చెబితే మీరు నమ్మరు. గోధుమలూ బార్లీ ఉడికించిన నీళ్ళను ఇంటి కప్పు కింద వెడల్పాటి రాగి తొట్టెలో పోసి కిటికీలు తెరిచి వదిలేస్తారు. గాలిలో ఉండే కంటికి కనపడని ప్రాణులే వచ్చి పులియబెడతాయి, ఎవరూ తోడు వేయరు. తర్వాత పీపాల్లో ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు. సాలెగూళ్ళు దులపకూడదు. దులిపితే పెద్దాయన, అంటే అక్కడి యజమాని, కర్ర పట్టుకుని వెంటపడతాడు. పీపాల మీద వాలే ఈగలను సాలీళ్ళు తింటాయని ఆయన లెక్క. ముదిరిన పీపా మూత తీస్తే పాత గుర్రపుశాల, నిమ్మతొక్క, తడిసిన సున్నపు గోడ కలిసిన వాసన వస్తుంది. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ వాసన లేని రోజు ఏదో వెలితిగా ఉంటుంది.

సీసా సంగతి. ఇప్పుడు పంపే వీలు లేదు మామూ. ఒక పీపా సిర్కా వైపు తిరుగుతోంది, అది పూర్తిగా అవడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. అయ్యాక చూద్దాం. అర్బాబ్‌కు మర్యాదగా చెప్పండి.

మీ అజ్రా


లూవెన్, అదే రోజు
(ఈ ఉత్తరం పంపలేదు)

మామూ, పొద్దున రాసిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు, నిజం కూడా లేదు.

అది సిర్కా కార్ఖానా కాదు. బీరు. పీపాలో ఉన్నంతకాలం లాంబిక్ అంటారు. లేతదీ ముదిరినదీ కలిపి సీసాలో పోసి మళ్ళీ పులియనిస్తే గూజ్ అవుతుంది. మన దగ్గర పొద్దున తియ్యగా దింపిన కల్లు సాయంత్రానికి పుల్లబడుతుందే, అదే పని ఇక్కడ ఏళ్ళ తరబడి నెమ్మదిగా జరుగుతుంది. సిర్కా అయిన పీపాను ఇక్కడ పారబోస్తారు. అది జరగక ముందే కనిపెట్టడానికే నా ముక్కు కావాలి వాళ్ళకు.

నా చదువు ఆ కంటికి కనపడని ప్రాణుల మీద. ఇక్కడికి వచ్చాకే ఈ నేలమాళిగ చూపించారు. వెంటనే మీకు రాయాల్సింది. "సిర్కా" అన్న మాట మీరు పట్టుకుని సంబరపడితే, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పాలంటే భయం. మీరు మాట ఇచ్చింది నా కోసం.

ఇది పంపలేను.


ఉమ్ సలాల్,
14 మార్చి 2025

అజ్రా బేటీకి,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. విన్నాక కోప్పడకు, కోప్పడినా రోజా చెడకుండా కోప్పడు.

మా అన్న కొడుకు ఉమైర్ ఏసీల కంపెనీ తరఫున ట్రైనింగ్‌కు ఆంట్వెర్ప్ వచ్చాడని నీకు తెలుసు. నువ్వు పీపా పేరు చెప్పి నెలల గడువు పెడుతున్నావు. మొహమాటమో, ఖర్చనో అనుకున్నాను. అందుకని నిన్న వాణ్ణే ఆ పల్లెకు పంపించాను. నువ్వు ల్యాబ్‌లో ఉన్న రోజు చూసుకుని వెళ్ళమన్నాను, ఉంటే వద్దంటావని. అక్కడి పెద్దాయన వీణ్ణి కూర్చోబెట్టి రొట్టే జున్నూ పెట్టబోయాడట, రోజా అంటే లేచి నిలబడి క్షమాపణ చెప్పాడట. అజ్రా వాళ్ళ మామకు అజ్రా చేతి పని కావాలి, అన్నిటికన్నా పాతది కావాలి అని వీడు అడిగాడు. ఆయన కిందికి దిగి రెండు సీసాలు తెచ్చి, బూజు తుడిచి ఇచ్చాడు. పైసా తీసుకోలేదు. నువ్వు లేకపోతే తన మాళిగకు ముక్కు లేదన్నాడట.

సీసాలకు చీటీ లేదు, ఒక పక్కన సున్నంతో గీత గీసి ఉందట. బిరడాకు తీగ కూడా చుట్టారట. ఇంత జాగ్రత్తగా చేసిన సిర్కా నేనెక్కడా వినలేదు.

ఉమైర్ రేపు పొద్దున విమానం ఎక్కి ఇఫ్తార్ వేళకు దిగుతాడు. నేనే ఎయిర్‌పోర్టుకు వెళ్తున్నాను. అర్బాబ్ వచ్చే గురువారం అన్నదమ్ములందరినీ ఇఫ్తార్‌కు పిలిచాడు. నీ సిర్కా పేరు చెప్పే పిలిచాడు.

మామూ


లూవెన్,
15 మార్చి 2025, మధ్యాహ్నం

మామూ, ఇది చదివిన వెంటనే ఫోన్ చెయ్యండి. పొద్దున తలనొప్పితో పడుకుని మీ ఉత్తరం ఇప్పుడే చూశాను. ఉమైర్ ఫోన్ ఆగిపోయి ఉంది, విమానంలో ఉన్నాడు. మీ ఫోన్ మోగడం లేదు.

ఆ సీసాల్లో ఉన్నది సిర్కా కాదు. బీరు.

నేను పనిచేసేది బీరు తయారుచేసే చోట. మీరు సిర్కా అనుకున్నారు, నేను కాదనలేదు. తప్పంతా నాది. పెద్దాయనకు సిర్కా అంటే పాడైన సరుకు, ఇంటికి వచ్చిన అతిథికి దాన్ని ఇవ్వడు. తన దగ్గర ఉన్న వాటిలో మంచిది ఇచ్చి ఉంటాడు. సీసా పడుకోబెట్టినప్పుడు ఏ వైపు పైకి ఉండాలో తెలియడానికే ఆ సున్నం గీత.

ఉమైర్ బయటికి రాకముందే తనంతట తానే కస్టమ్స్ వాళ్ళకు చూపించి, తెలియక తెచ్చానని చెప్పాలి. సిర్కా అన్న మాట వాడి నోట రాకూడదు. అంటే దొంగతనంగా తెచ్చి అబద్ధం ఆడినట్టవుతుంది. సీసాలు బయటికి వచ్చేసి ఉంటే అర్బాబ్ ఇంటి గడప తొక్కనివ్వకండి. వేడి కారులో ఉంచకండి, పేలతాయి.

నేను ముక్కుతో వాసన చూడటమే తప్ప నోటితో ముట్టలేదు. అల్లా సాక్షి. నా మీద కోపం తర్వాత, ముందు ఉమైర్‌ను చూడండి.

అజ్రా


బర్వా అల్ బరాహా,
15 మార్చి 2025, రాత్రి

బేటీ, ఇది ఖయ్యూమ్ ఫోన్ నుంచి పంపుతున్నాను. ఇక్కడ ఉమైర్‌తో ఒకే గదిలో ఉంటాడు ఖయ్యూమ్. ఎయిర్‌పోర్టులో నిలబడీ నిలబడీ నా ఫోన్ చచ్చిపోయింది. ఛార్జర్ కారులో ఉంది, ఆ కారు అర్బాబ్ కొడుకు తీసుకుపోయాడు.

ఉమైర్‌ను ఆపారు. మెషీన్‌లో సీసాలు కనిపించాయట. ఏమిటివి అంటే "ఖల్" అన్నాడు, అరబ్బీలో సిర్కా. చీటీ ఏదని అడిగితే ఇంట్లో చేసింది, చీటీ ఉండదన్నాడు. బిరడాకు తీగ చూసి ఆఫీసరుకు అనుమానం వచ్చింది. అంతలో ఇఫ్తార్ వేళైంది. ఆయన తన ఖర్జూరాల్లోంచి తీసి ఉమైర్‌కు పెట్టి, తానూ తిని, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడట. వీడు మళ్ళీ ఖల్ అన్నాడు, ఖురాన్ మీద ఒట్టు వేస్తానన్నాడు. పాస్‌పోర్టు ఉంచుకుని రేపు పొద్దున ఆఫీసుకు రమ్మన్నారు. పిల్లవాడు మంచం అంచున కూర్చుని నీళ్ళు కూడా తాగడం లేదు. మందు తెచ్చాడని రాస్తే ఉద్యోగం పోతుంది, జైలు కూడా అంటున్నారు ఖయ్యూమ్ వాళ్ళు.

నువ్వు ఒక్క పని చెయ్యి. అది సిర్కా అని నీ ల్యాబ్ కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపు. అర్బాబ్‌తో మాట్లాడాను. తానే వస్తానన్నాడు. నా డ్రైవర్ అబద్ధం ఆడడు, అతని మేనకోడలు చేసిన సిర్కా ఇది అని స్వయంగా చెబుతానన్నాడు. ఆయన మాట అంటే ఇక్కడ రాతతో సమానం. భయపడకు. నిజం మన వైపు ఉంది.

మామూ


లూవెన్,
15 మార్చి 2025, రాత్రి

మామూ, మీరు నా ఉత్తరం చదవలేదు. నిజం మన వైపు లేదు.

ఖయ్యూమ్‌కు ఫోన్ చేశాను, ఉమైర్ ఫోన్ అందుకోలేదు, మీరు అప్పటికే ఉమ్ సలాల్ బయలుదేరారన్నాడు. నా ఉత్తరం చదవకుండా అర్బాబ్‌ను తీసుకెళ్ళొద్దని మాత్రం చెప్పమన్నాను, అంతకు మించి చెప్పడానికి నోరు రాలేదు. ఇది మీ ఫోన్‌కూ అతని ఫోన్‌కూ పంపుతున్నాను.

అది బీరు. సిర్కా అని కాగితం రాయలేను. రాసినా వాళ్ళు మూత తీస్తే నురగ పొంగుతుంది. ల్యాబ్ కాగితం పంపుతున్నాను, అందులో ఉన్నది ఉన్నట్టు రాశాను. పేరు, చేసిన చోటు, ఉమైర్‌కు గానీ మీకు గానీ తెలియదన్న సంగతి, తెలిసీ చెప్పనిది నేనన్న సంగతి. దాన్నే చూపించండి.

అర్బాబ్ లోపలికి వెళ్ళకముందే ఆయనకు చెప్పండి. రోజాలో ఉన్న పెద్దమనిషి నా వల్ల అబద్ధం మీద మాట ఇవ్వకూడదు. ఆయన మిమ్మల్ని పంపించేస్తాడేమో, మీరు నన్ను ఇంటికి పిలిపిస్తారేమో, అమ్మ ముఖం ఎలా చూడాలో, అన్నీ భయాలే. కానీ అన్నిటికన్నా ఎక్కువ భయం ఆయన నోరు తెరవక ముందు మీరిది చదవరేమోనని.

అజ్రా


ఉమ్ సలాల్,
17 మార్చి 2025

అజ్రాకు,

ఖయ్యూమ్‌కు నువ్వు చెప్పిన మాట నాకు అందలేదు. అర్బాబ్‌ను ఎక్కించుకుని ఆఫీసు ముందు కారు ఆపాను. ఛార్జింగ్‌లో పెట్టిన ఫోన్ అప్పటికి వెలిగింది. తలుపు తీయబోతూ చూశాను. నీవి రెండు ఉత్తరాలు. స్టీరింగ్ ముందే కూర్చుని చదివాను. వెనక సీట్లో అర్బాబ్ తస్బీహ్ పూసలు తిప్పుతూ నా కోసం ఆగి ఉన్నాడు. ఏసీ చల్లగా ఉంది, నా చొక్కా మాత్రం తడిసిపోయింది.

ఆ క్షణంలో ఏమనిపించిందో దాచను. ఊరుకుందామనిపించింది. లోపలికి పోయి ఆయన ఒక్క మాట అంటే పని అయిపోతుంది కదా అనిపించింది. అద్దంలో ఆయన ముఖం చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. చెప్పేశాను. నాకు వచ్చిన అరబ్బీ, హిందీ కలిపి, అది ఖల్ కాదు, మందు, మాకెవరికీ తెలియదు, పిల్ల ఇప్పుడే రాసింది అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "లడ్కీ పియా?"

పిల్ల తాగిందా అని. నీ ఉత్తరం నా చేతిలోనే ఉంది. నోటితో ముట్టలేదు, అల్లా సాక్షి అని నువ్వు రాసిన వాక్యం కళ్ళ ముందే ఉంది. లేదు అందామని నోరు తెరిచాను. "మాలూమ్ నై" అన్నాను. తెలియదు అన్నాను, అజ్రా. నిన్ను చిన్నప్పుడు భుజం మీద మోసినవాణ్ణి.

ఆయన లోపలికి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. నీ కాగితం చూపించాం. ఆఫీసరు మందలించి, ఉమైర్ చేత సంతకాలు పెట్టించుకుని, సీసాలు ఉంచుకుని పాస్‌పోర్టు ఇచ్చాడు. అంతటితో వదిలారు. ఉమైర్ కంపెనీకి తెలుస్తుందేమోనని ఇంకా బెదురుగానే ఉన్నాడు, నాతో మాట్లాడటం లేదు. గురువారం ఇఫ్తార్‌ను రద్దు చేయలేదు, సిర్కా ఊసు మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. అర్బాబ్ ఈ రెండు రోజులూ తన కొడుకు కారులో తిరుగుతున్నాడు. నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. ఫోన్ మోగితే ఆయనేనేమోనని పరుగెత్తి చూస్తున్నాను.

ఇప్పుడు ఆయన అడిగిన మాటే నేను అడుగుతున్నాను. నీ నోటితో చెప్పు. ఏది రాస్తే అది నమ్ముతాను. నా భయం కూడా అదే.

హమీదుద్దీన్


లూవెన్,
19 మార్చి 2025

మామూ,

ఏది రాస్తే అది నమ్ముతానన్నారు. అందుకే రెండు రోజులు రాయలేకపోయాను. లేదు అని రాస్తే అయిపోతుంది. ఇక్కడ చూసినవాళ్ళెవరూ మెట్‌పల్లికి రారు.

తాగాను.

రెండేళ్ళు వాసనతోనే నెట్టుకొచ్చాను. పెద్దాయన ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు. తను చుక్క నాలుక మీద వేసుకుంటే నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని, ఇద్దరం ఒకే మాట చెప్పేవాళ్ళం. కిందటి చలికాలం సీసాలు నింపే ముందు, మూడేళ్ళ పీపాలు రెండిటిలో ఏది కలపాలో తేలలేదు. రెండూ ఒకే వాసన. ఆయనకు జలుబు, నాలుక పనిచేయడం లేదు. నా వైపు చూసి ఊరుకున్నాడు. ఒక గుక్క తీసుకుని ఉమ్మేద్దామనుకున్నాను. ఉమ్మలేదు. మొదట పులుపు తగిలింది, వెనక మెత్తగా ఏదో వచ్చింది, దాన్ని తెలుసుకోవాలని మింగాను. ఏ పీపానో చెప్పాను. నేను చెప్పిందే సరైంది.

నాకు నచ్చింది మామూ. ఇది రాయకపోతే మళ్ళీ సగం నిజమే అవుతుంది. ఆ రాత్రి అల్లాను క్షమాపణ వేడి తౌబా చేసుకున్నాను, తర్వాత ఎప్పుడూ మింగలేదు. కానీ మీకు అల్లా సాక్షిగా అని రాసిన చెయ్యి నాదే. బీరు సంగతి విప్పేటప్పుడే ఇదీ చెబితే మీరు ఇంక నా ముఖం చూడరని భయపడ్డాను. మీరు మాలూమ్ నై అన్నారని చదివి ఏడ్చాను. మొదట కోపంతో, తర్వాత సిగ్గుతో.

ఈ పని మానుకోమంటే మానుకుంటానో లేదో కూడా నాకు తెలియదు. ఇక మీ ఇష్టం.

అజ్రా


ఉమ్ సలాల్,
22 మార్చి 2025

బేటీ అజ్రాకు,

నీ ఉత్తరం చదివిన రోజు ఇఫ్తార్‌లో ఖర్జూరంతో సరిపెట్టుకున్నాను, అన్నం దిగలేదు. నాకు కోపం ఉంది. చల్లారిందని రాస్తే అబద్ధం అవుతుంది. అల్లాకూ నీకూ మధ్య ఉన్నది నేను తీర్చేది కాదు. మరియంకు నేను చెప్పను, నువ్వే చెప్పాలి, ఎప్పుడన్నది నీ ఇష్టం.

నిన్న అస్ర్ నమాజు తర్వాత అర్బాబ్ కబురు పంపాడు. లెక్క తేల్చి పంపించడానికే అనుకుని బట్టలు సర్దుకుని మరీ వెళ్ళాను. ఆయన కారు దగ్గర నిలబడి ఉన్నాడు. తలుపు తీశాను, ఎక్కాడు. నన్ను ఏమీ అడగలేదు. అడగకపోతేనే నాకు ఎక్కువ భయం వేసింది. బండి స్టార్ట్ చెయ్యకుండా ముందుకు చూస్తూనే చెప్పాను, అడిగాను బాబా, తాగానని రాసింది అని.

"తనే రాసిందా?" అన్నాడు.

తనే అన్నాను.

ఆఫీసు ముందు నేను పిల్ల తాగలేదు అని ఉంటే, ఆయన అదే మాట లోపలికి వెళ్ళి అల్లా పేరు మీద అనేవాడు. ఆయన కూడా అదే ఆలోచిస్తున్నాడేమో, తస్బీహ్ పూసలు రెండుసార్లు చుట్టివచ్చాయి. తర్వాత యల్లా, పోనివ్వు అన్నాడు. మసీదుకు తీసుకెళ్ళాను, తిరిగి తీసుకొచ్చాను. ఇవాళ కూడా నన్నే పిలిచాడు. రేపటి సంగతి తెలియదు.

నువ్వు అంత దూరంలో ఉన్నా ఇన్నాళ్ళూ నేను భయపడలేదు. నా మేనకోడలు నాకు తెలుసు అనుకున్నాను. ఇప్పుడు భయంగా ఉంది. పని మానుకో అని రాద్దామని కూర్చున్నాను. అలా రాస్తే నువ్వు సరే అని రాసి మళ్ళీ అక్కడికే వెళ్తావు, నాకు మళ్ళీ ఏమీ తెలియకుండా పోతుంది. అందుకని రాయడం లేదు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. నాకు భయం వేసే సంగతులే రాయి, కోపం తెప్పించేవే రాయి. అంతా ఖైరియత్, అంతా క్షేమం అని మాత్రం రాయకు.

నీ మామూ